పరామర్శకు కాఫీ

ఆదివారం మధ్యాహ్నం సత్యం బావగారూ అప్పాయమ్మక్కా చేతులూపుకుంటూ వచ్చారు.

ఎత్తిపొడవడానికి అనడం లేదు. బావగారు మా ఆయనకి పెదనాన్న కొడుకు. రైల్వేలో చేసి రిటైరై, హౌరా వైపు టికియాపారాలో ఉంటున్నారు. అప్పాయమ్మక్క ఆయన భార్య. నాకు అండాశయంలో కేన్సరని తేలి ఆపరేషనయినప్పటినుంచి ఆవిడ మా గార్డెన్ రీచ్ క్వార్టర్సుకి ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ సంచీ మోసుకుంటూ వచ్చింది. దానిమ్మలు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు. ఒకసారి కీమో వార్డులోకే పనసపొట్టు కూర పట్టుకొచ్చి నర్సుచేత చీవాట్లు తింది. "ఆ బెంగాలీ గుంటకేటి తెలుసమ్మా పనసపొట్టు రుచి" అని, ఆ కూరేదో తనే తినేసి వెళ్లింది. అలాంటి మనిషి చేతిలో ఆ రోజు ఒక్క అరటిపండు లేదు.

వచ్చి నా పక్కన కూర్చోలేదు. గోడవార కుర్చీలో, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, నేలచూపులు చూస్తూ కూర్చుంది. బావగారు తిన్నగా మా ఆయన దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. అన్నదమ్ములిద్దరూ కలిస్తే యూనియన్ ఎన్నికల దగ్గర మొదలుపెట్టి ఇల్లెగిరిపోయేలా మాట్లాడుకుంటారు. ఆ రోజు కింద రోడ్డు మీద ఆటోవాడు "మెటియాబ్రుజ్, మెటియాబ్రుజ్" అని అరుస్తుంటే మా ఇంట్లో అదొక్కటే వినపడింది.

"ఏటి బావగారూ, ఒంట్లో బాగులేదా?" అన్నాను నేనే.

"ఏటీ లేదమ్మా. ధైర్యంగా ఉండాలి. మనసు గట్టి చేసుకోవాలి మరి," అన్నారాయన.

ఆ మాట నాకేసి చూసి అనలేదు. మా ఆయనకేసి చూసి అన్నారు.

నేను లేచి కాఫీ కలిపాను. నా కాఫీలో పంచదార చాల్లేదని వంక పెట్టకుండా అప్పాయమ్మక్క మా గడప దాటిన రోజు లేదు. అందుకని ఆ రోజు కావాలనే ఒక చెంచా ఎక్కువ వేసి తీసుకొచ్చాను. ఆవిడ గ్లాసు కేసి చూసి చేతులు ఒళ్లో ముడుచుకుంది. "ఇప్పుడేటీ వద్దమ్మా" అంది. బావగారూ వద్దన్నారు. మా ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. కాసేపటికి వాళ్లు లేచారు. బొట్టు పెడదామని నేను దేవుడి గూట్లోంచి కుంకుమభరిణె తెచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. ఇద్దరూ అప్పటికే మెట్లు దిగిపోతున్నారు. వెళ్లొస్తామని నాతో ఒక్క మాట చెప్పలేదు.

వీళ్లకి ఏం పొయ్యేకాలం వచ్చిందనుకుంటూ ఆ రెండు గ్లాసులూ సింకులో వంపుతున్నాను. అప్పుడు నా చెయ్యి ఆగిపోయింది.

మనవాళ్లు అలా వెళ్లేది ఒక్క ఇంటికే. ఎవరైనా పోయిన ఇంటికి. అక్కడికి పండూ ఫలం పట్టుకెళ్లరు. అక్కడ కాఫీ నీళ్లు పుచ్చుకోరు, బొట్టు పెట్టించుకోరు. వెళ్లొస్తామనే మాట ఆ గుమ్మంలో అనరు. ఏడుస్తున్నవాడి పక్కన కాసేపు కూర్చుని, ధైర్యం చెప్పి, చెప్పాపెట్టకుండా లేచి వచ్చేస్తారు. ఎందరిళ్లకి నేను అలా వెళ్లి రాలేదు! నా ఇంట్లో, నా కళ్లముందు, నా పరామర్శ జరిగిపోయింది. నాచేత కాఫీ కూడా పెట్టించారు.

సింకు పట్టుకుని నిలబడ్డాను. కుళాయి తిప్పి ఉందని కూడా చాలాసేపు తెలియలేదు.

అనుమానం పెనుభూతం అయిందేమో, నీ బుర్ర పాడయిందేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. కీమో పడినవాళ్లకి లేనిపోని ఊహలు వస్తాయని మా ఆఫీసులో ఎవరో అన్నారు కూడా. మర్నాడు ఉండబట్టలేక అప్పాయమ్మక్కకి ఫోన్ చేశాను. ఏమీ ఎరగనట్టు కబుర్లు చెప్పి ఆవిడ నోట ఒక్క నవ్వు వినాలని, అంతే. ఆవిడ ముక్కు దిబ్బడతో మాట్లాడింది.

"అదేటక్కా, నిన్న బాగానే ఉన్నావు కదా?"

"ఏటి చెప్పనమ్మా, మీ ఇంటికాడనుంచి వచ్చీసి తలకి పోసుకున్నానా. జనవరి చలి, పైగా సందేళ. జలుబు పట్టీసింది."

అనేశాక ఆవిడకి తను ఏం అన్నదో తెలిసింది. నాకు ఆ పక్కనుంచి ఊపిరి వినపడింది. "అదేటంటే, లోకల్ ట్రైన్లో దుమ్ము కదేటి, అందుకని..." అంటూ ఏదో సర్దుతోంది. నేను ఫోన్ పెట్టేశాను. పరామర్శనుంచి వచ్చి తలస్నానం చెయ్యకుండా ఇంట్లో అడుగుపెట్టదు అప్పాయమ్మక్క. మా ఇంటినుంచి వెళ్లి తలస్నానం చేసింది.

ఇంక బుర్ర పాడవడం కాదు. వాళ్లకేదో తెలుసు. నాకు తెలియదు. వాళ్లకి చెప్పగలిగింది ఈ ఊళ్లో ఒక్కరే, మా ఆయన.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. బెంగాలీ నాకు తెలుగుతో పాటే వచ్చింది. ఆయన పలాస మనిషి. ఉద్యోగం వచ్చి, నన్ను చేసుకుని, ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆయన బెంగాలీ ఒక వాక్యం పూర్తిగా నడవదు. హిందీ క్రియ ఒకటి, మధ్యలో తెలుగు "అంటే" ఒకటి, తర్వాత ఆగిపోవడం. ఆగిపోయిన చోట నాకేసి చూస్తారు, నేను మాట అందిస్తాను. చేపల బజారులో అంతే, కరెంటాఫీసులో అంతే, పక్కింటివాళ్లతో అంతే. పిల్లల్లేరు మాకు. ఇంట్లో ఆయన అరుపులకి అరవడానికి నేనొక్కదాన్నే, వీధిలో ఆయనకి నోరు నేనే. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని, పదిమందితో దెబ్బలాడేదాన్ని, నాకదేం కష్టం కాదు.

కిందటి స్కాన్ రిపోర్టు తేవడానికి మటుకు ఆయన ఒక్కరే వెళ్లారు. ఆ రోజు నాకు జ్వరం. తిరిగొచ్చి, "బాగానే ఉందన్నారు. ఇంకేవో మందులు మారుస్తారట. మళ్లీ కనబడమన్నారు" అని చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ తర్వాత నేను ఎప్పుడు అడిగినా డాక్టరుగారు సెలవులో ఉన్నారన్నారు. పోనీలే, మనిషన్నాక సెలవు పెట్టుకోరా అనుకున్నాను.

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొస్తోంది. ఆయన నాతో దెబ్బలాడటం మానేశారు. తువ్వాలు మంచం మీద పడేశానని ఒకప్పుడు గంటసేపు సణిగేవారు. ఇప్పుడు నా తువ్వాలు తనే తీసి ఆరేస్తున్నారు. నేను చారులో ఉప్పు రెండుసార్లు వేస్తే మాట్లాడకుండా తాగేశారు. అది చూసి అప్పట్లో మురిసిపోయాను కూడా. రిటైరయ్యాక బుద్ధొచ్చిందనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్ని!

మరి అడగొచ్చు కదా అంటారు. అడిగితే చెప్పేస్తారు. అందుకే అడగలేదు. వంటింట్లో ఆయన వెనక నిలబడి "ఏవండీ" అంటాను. "ఏటే" అని ఆయన వెనక్కి తిరుగుతారు. "వంకాయలు ముదురువేమో చూడండి" అంటాను. ఆయన కూడా ఊపిరి పీల్చుకుని వంకాయలు చూస్తారు. ఇలా ఎన్ని వంకాయలు చూశామో లెక్కలేదు.

భయం ఒంట్లోకి దిగింది. స్నానం చేసి లంగా బొందు కట్టుకునేటప్పుడు ముడి రోజూ పడే చోట పడుతోందా లేదా అని చూసుకునేదాన్ని. రోగం బయటపడక ముందు నాకు పొట్ట నీరు పట్టి ఆ ముడి పక్కకి జరుగుతూ వచ్చింది. ఒళ్లు చేశానని నవ్వుకుని మూడు నెలలు ఊరుకున్నాను. ఇప్పుడు ఆ బొందు ముట్టుకోవాలంటేనే భయం. దగ్గొస్తే భయం, ఆకలేస్తే భయం, ఆకలెయ్యకపోతే ఇంకా భయం. చచ్చిపోతున్నానేమో అన్న మాట మనసులో పూర్తిగా అనుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. సగంలో ఆపేసి స్టవ్ తుడిచేదాన్ని.

శనివారం ఆస్పత్రిలో మీటింగు ఉంటుంది. కేన్సరు వచ్చినవాళ్లు గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుని తమ సంగతులు చెప్పుకుంటారు. తనిమా అనే బెంగాలీ అమ్మాయి నడుపుతుంది. మందులిచ్చే డాక్టరు కాదు, మనసు సంగతి చూసే మనిషి. మొదట్లో నాకు ఒళ్లుమండేది. వచ్చిన రోగం చాలక కథలు కూడా చెప్పాలా అని. వెళ్లగా వెళ్లగా అలవాటయింది. పేపరు కప్పులో టీ ఇస్తారు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తన మనిషి ఎవరో చెప్పి, ఇవాళ దేనికి భయంగా ఉందో చెప్పాలి. చెప్పకపోయినా ఏమీ అనరు.

నా వంతు వచ్చినప్పుడు బావగారు వచ్చి వెళ్లిన సంగతి చెప్పాను. బెంగాలీలో చెప్తుంటే అది ఎంత అల్పంగా వినపడిందో! కాఫీ తాగలేదు. పళ్లు తేలేదు. చెప్పకుండా వెళ్లిపోయారు. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో పనిచేసిన ఒకాయన, గొంతుకి రేడియేషన్ తీసుకుంటున్నాడు, బొంగురుగా అన్నాడు. "దిదీ, మా చుట్టాలు టీ అడిగి రెండోసారి కూడా తాగి పోతారు. మీ చుట్టాల్ని మా ఇంటికి పంపండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నా చేతిలో టీ ఒలికి చీర మీద పడింది. మనవాళ్లెవరైనా ఆ గదిలో ఒక్కరుంటే నవ్వేవారు కాదు.

తనిమా నవ్వలేదు. అందరూ వెళ్లాక నా పక్క కుర్చీలోకి జరిగింది.

"భానూదీ, ఎవరో పోయిన ఇంటికి వెళ్లినట్టు మీ ఇంటికి వచ్చారు. అంతేనా మీరు చెప్పింది?"

అంతేనన్నాను. ఆ పిల్లకి అర్థమైందని తెలిసేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అంది.

"ఏమీ వద్దు."

"సరే. వద్దనుకున్నన్నాళ్లు వద్దు. తెలుసుకోవాలనిపించిన రోజు మాత్రం ఒక్కరే వెళ్లకండి, నా దగ్గరికి రండి. డాక్టరు గదిలో నేను మీ పక్కన కూర్చుంటాను. ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో మీరే చెప్పొచ్చు. మీరు చాలంటే అక్కడితో ఆపేస్తారు." కాస్త ఆగి, "ఇంట్లో మీ ఆయన ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"ఆయనకేం, నిక్షేపంలా ఉన్నారు. బుధవారం బుధవారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి పేకాడుకుంటున్నారు," అన్నాను కసిగా.

తనిమా ఏదో అనబోయి మానేసింది. కప్పులు ఏరడం మొదలుపెట్టింది. ఈ పిల్లకి పెళ్లే కాలేదు, మొగుళ్ల సంగతి దీనికేం తెలుసు అనుకుని నేను లేచి వచ్చేశాను.

బుధవారం పొద్దున్న ముడి జరిగింది.

స్నానాలగదిలో బొందు విప్పి మళ్లీ కట్టాను. జరిగింది. ఊపిరి బిగబట్టి కట్టాను. అయినా జరిగింది. ఇంకో లంగా తీసి చూశాను. నా పొట్ట మీద అరచెయ్యి వేసుకుని తడి నేల మీద కూలబడ్డాను. "ఏవండీ" అని పిలిచాను. ఇల్లు పలకలేదు. ఆయన పేకాటకి వెళ్లారు కదా.

ఒక్కదాన్నీ ఆ ఇంట్లో ఇంకొక్క క్షణం కూడా ఉండలేకపోయాను. చేతికందిన చీర చుట్టుకుని, జుట్టు రాలిపోయిన తల మీద స్కార్ఫు కట్టుకుని, కేబ్ పిలిచి ఆస్పత్రికి వెళ్లాను. దారంతా కళ్లు మూసుకునే ఉన్నాను. డాక్టరు వద్దు, తనిమా దగ్గర కూర్చుంటే చాలు, ఆ పిల్ల ఏదో ఒకటి అంటుంది, అది చాలు. మనసులో అదొక్కటే జపంలా తిరిగింది. లిఫ్టు దిగి నడవాలోకి వచ్చేసరికి మీటింగు గది తలుపు ఓరగా తీసి ఉంది. శనివారం కాదు గదా ఎవరున్నారిందులో అనుకుంటూ తలుపు దాకా వెళ్లాను.

లోపల కుర్చీలు గుండ్రంగానే ఉన్నాయి. కూర్చున్నవాళ్లు రోగులు కారు. రోగుల ఇంట్లోవాళ్లు. మా వార్డులో అమ్మకి అన్నం తినిపించే ఒక కూతురూ, ఒక ముసలాయనా నాకు తెలిసిన మొహాలే. నాకు వీపు పెట్టి కూర్చున్న మనిషి మాట్లాడుతున్నాడు. ఆ బెంగాలీ ఈ భూమ్మీద ఇంకెవరిదీ కాదు. హిందీ క్రియలు, మధ్యమధ్య తెలుగు "అంటే"లు.

"నా భార్య బాగా మాట్లాడుతుంది," అంటున్నారు మా ఆయన. "ఎక్కడికెళ్లినా తనే మాట్లాడుతుంది. అంటే, నేను రిపోర్టుకి ఒక్కణ్నే వెళ్లాను. డాక్టరుగారు చెప్పారు. లివర్ మీదకి కూడా వచ్చింది. మళ్లీ ఆపరేషన్ కుదరదు. వేరే మందు మొదలెట్టాలి, ఆవిణ్ని తీసుకురండి, ఆవిడకి నేనే చెప్తాను అన్నారు. రేపు తీసుకొస్తాను, ఎల్లుండి తీసుకొస్తాను అంటూ నేనే ఆపుతున్నాను. ఆ మందు కొన్నాళ్లు ఆపి ఉంచుతుంది. కానీ ఇది... అంటే, ఇది ఇంక... ఆర్..."

ఆగిపోయారు. చెయ్యి గాలిలో తిప్పుతున్నారు. ఆయన అలా చెయ్యి తిప్పితే నేను మాట అందించాలి. ముప్పై ఏళ్లుగా అందిస్తున్నాను.

"సార్‌బే నా," అన్నాను గుమ్మంలోంచి. నయం కాదు.

అనేశాక నాకు తెలిసింది, నేను అన్నది నా గురించేనని. ఆయనకి మాట తెలియక ఆగలేదు. ఆ మాట తెలుసు. అనలేక ఆగారు. నా నోరే అనేసింది.

గదిలో అందరూ నాకేసి తిరిగారు. మా ఆయన లేచారు. కుర్చీ వెనక్కి పడింది.

"ఏటే, నువ్వు... నువ్వెప్పుడొచ్చీశావు?"

నాకు కోపం ఎక్కడినుంచో వచ్చింది. "పేకాటా ఇది? మీరు పేకాడుతున్నారని నేను ఇంట్లో... పెళ్లానికి చెప్పకుండా ఊళ్లోవాళ్లందరికీ చెప్పుకుంటున్నారా? బావగార్ని రమ్మన్నది కూడా మీరేనా?"

"నేనేనే. ఫోన్ చేసి ఏడ్చీశాను. నీ మొహం చూసుకుంటూ ఒక్కణ్నీ ఆ ఇంట్లో ఉండలేకపోయాను. ఒక్కసారి రా అన్నయ్యా అన్నాను. నాకోసం వచ్చారు వాళ్లు." ఆయన బుగ్గల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం లేదు. "నీకు చెప్తే నువ్వు జడుసుకుంటావని..."

"నేను ఆదివారం నుంచి జడుసుకుంటూనే ఉన్నాను. మీతో చెప్పుకోలేక చచ్చాను."

"నేనూ అంతేనే," అన్నారు.

వాళ్లు పరామర్శకి వచ్చింది ఆయనకి. ఏడ్చేవాడి ఇంటికి ఎలా వెళ్లాలో అప్పాయమ్మక్కకి ఒక్కటే పద్ధతి తెలుసు. మరిది ఏడిస్తే ఆవిడ ఆ పద్ధతిలోనే వచ్చి, ఆ పద్ధతిలోనే వెళ్లింది. అక్కడ కాఫీ గ్లాసుతో నేనొకదాన్ని నిలబడి ఉన్నానని తోచలేదు పాపం. ఆవిణ్ని తిట్టుకుందామనుకున్నా నాకు ఓపిక లేకపోయింది.

మా తెలుగు ఎవరికీ అర్థం కాలేదు. ఏం జరిగిందో మాత్రం అందరికీ అర్థమైంది. ఆ కూతురు కుర్చీ ఎత్తి నిలబెట్టింది. తనిమా నా దగ్గరికి వచ్చి, నన్ను ముట్టుకోకుండా నిలబడింది.

"భానూదీ, మనం ముగ్గురం వేరే గదిలో కూర్చుందామా? డాక్టరు ఇవాళ సాయంత్రం దాకా ఉంటారు. మీరు ఇప్పుడే వెళ్దామంటే ఇప్పుడే వెళ్దాం. వద్దంటే ఇంకో రోజు."

ఇంకో రోజంటే ఆయన ఇంకో రోజు ఆపుతారు. నేనూ వంకాయలు చూసుకుంటూ ఆపుతాను. ఆ మందు మొదలుకాదు. నా పొట్ట మీద ముడి జరుగుతూనే ఉంటుంది.

"ఇవాళే వెళ్దాం," అన్నాను. "ఎన్నాళ్లుంటానో మటుకు డాక్టరుగార్ని చెప్పొద్దను. మందు సంగతి చెప్పమను. కానీ కాసేపు కూర్చోనియ్యి."

"ఇది ఇంట్లోవాళ్ల మీటింగు కదా దిదీ," అన్నాడు ముసలాయన మెల్లగా, నాకు ఇబ్బందేమోనని.

"నేనూ ఇంట్లోమనిషినే," అని మా ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

ఆ గదిలో పద్ధతి నాకు తెలుసు కదా. పేరు చెప్పాలి, మన మనిషెవరో చెప్పాలి. "నా పేరు భానుమతి," అన్నాను. "మా మనిషి పేరు ఉమామహేశ్." కాపరానికి వచ్చిన రోజు గుమ్మంలో ఆడపడుచులు అడ్డంగా నిలబడి పట్టుబట్టి చెప్పించాక, నలుగురిలో ఆయన పేరు నా నోట రావడం మళ్లీ ఇప్పుడే. "ఈయన రాత్రిళ్లు పడుకోవడం లేదు. ఉప్పుచారు తాగుతున్నారు. అబద్ధాలు ఆడుతున్నారు, అది కూడా సరిగ్గా చేతకావడం లేదు. నేను పోతే చేపల బజారులో ఈయన్ని మోసం చేస్తారు."

"మీకు దేనికి భయంగా ఉంది?" అని తనిమా అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది.

"చచ్చిపోవాలంటే భయంగా ఉంది," అన్నాను.

ఛ, అవేం మాటలు అని ఎవరూ అనలేదు. మా ఆయనా అనలేదు. పదిమందిలో నా చెయ్యి ఎప్పుడూ పట్టుకోని మనిషి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కీమో పడ్డాక నా వేళ్లకి స్పర్శ పోయింది. ఆయన పట్టుకున్నారని చూస్తే తెలిసింది గానీ, వేళ్లకి తెలియలేదు.

"ఇంకా గట్టిగా పట్టుకోండి," అన్నాను.